ఖర్చు అంటే ఏ ఖర్చు?

ఢిల్లీకి కొత్తగా వచ్చిన తెలుగువారు మొట్టమొదట తడబడేది ధర అడగడంలోనే. ఆజాద్‌పూర్ మండీలో ఉల్లిగడ్డల రాశి ముందు నిలబడి మనవారొకరు "ఇస్‌కా ఖరీద్ క్యా హై?" అని అడగగా విన్నాను. వర్తకుడు తెల్లబోయి చూశాడు. హిందీలో ఖరీద్ అనగా కొనుగోలు. పారశీకం నుంచి వచ్చిన ఈ మాట తెలుగునాట మాత్రం కొన్న వస్తువుకు చెల్లించే సొమ్ముగా స్థిరపడింది.

ధరకు ఇక్కడివారి మాట దామ్. అక్బరు కాలంలో అది రాగి నాణెం. నలభై దాములు ఒక రూపాయి. ఆ పేరు 'ద్రమ్మ' మీదుగా గ్రీకుల ద్రాఖ్మా వరకు పోతుంది. ఖర్చు అనే మాట మాత్రం ఢిల్లీలోనూ, గుంటూరులోనూ ఒకటే. 'బయటికి పోవుట' అనే అర్థం గల అరబ్బీ ధాతువు దానికి మూలం. చేతిలోనుంచి బయటికి పోయినదే ఖర్చు. మన జమాఖర్చుల పుస్తకాలన్నీ ఈ అర్థం మీదనే నడిచాయి.

మాటల ముచ్చటకేమి గాని, రాజధానిలో దీని చుట్టూ పెద్ద రాజకీయమే అల్లుకున్నది. రైతు పెట్టే ఖర్చును హిందీలో లాగత్ అంటారు. మన రైతు 'పెట్టుబడి' అంటాడు. (అంత పెట్టుబడి పెట్టే ఆ రైతును పెట్టుబడిదారు అని ఎవరూ అనకపోవడం వేరే విడ్డూరం.) 2018 నవంబరు చివర రామ్‌లీలా మైదానం నుంచి పార్లమెంటు వీధికి నడిచిన రైతులు గాని, 2020 నవంబరు నుంచి 2021 డిసెంబరు వరకు సింఘూ, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దులలో చలికీ, ఎండకూ ఓర్చి కూర్చున్న రైతులు గాని అడిగినవాటిలో ఒకటి, లాగత్ మీద సగం కలిపి మద్దతు ధర ఇమ్మని. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో చేసిన సిఫారసు అది. 2007 నాటి జాతీయ రైతు విధానంలో దానికి చోటు దక్కలేదు. 2014 ఎన్నికల ప్రణాళికలో భారతీయ జనతా పార్టీ ఖర్చుపై యాభై శాతం లాభం ఇస్తామన్నది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీం కోర్టుకు అట్లా ఇస్తే మార్కెట్ వికటించవచ్చునని విన్నవించింది. 2018 బడ్జెటులో జైట్లీ మళ్లీ ఒకటిన్నర రెట్లు ఇస్తామని ప్రకటించారు.

ఇచ్చామనే ప్రభుత్వం అంటున్నది. ఇవ్వలేదని రైతు సంఘాలు అంటున్నవి. చిత్రమేమంటే, ఉభయుల కూడికలలోనూ పొరపాటు లేదు. ఖర్చు అనే మాటకు చెప్పుకునే అర్థంలోనే తేడా ఉన్నది.

వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ పుస్తకాలలో ఖర్చుకు పలు పేర్లున్నాయి. విత్తనం, ఎరువు, కూలి, నీరు, డీజిలు, కౌలుకు తీసుకున్న పొలానికి చెల్లించిన కౌలు వంటి చెల్లింపులన్నీ కలిపితే ఎ2. రైతు కుటుంబం పడిన చాకిరికి వెలకట్టి జోడిస్తే ఎ2 ప్లస్ ఎఫ్ఎల్. దానికి సొంత భూమికి రాదగిన కౌలూ, సొంత ఆస్తి మీద వడ్డీ కలిపితే సి2. ప్రభుత్వం నడిమిదాన్ని ఎన్నుకున్నది. రైతులు చివరిదాన్ని కోరుతున్నారు.

2024-25 ఖరీఫ్‌కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలు. కమిషన్ లెక్కలో ఖర్చు 1533. దానికి ఒకటిన్నర రెట్లు అంతే. సి2 ప్రకారం ఖర్చు 2008. సగం కలిపితే 3012. అంటే ఒక మాట అర్థం మారినందుకు క్వింటాలుకు 712 రూపాయల తేడా! ఎన్ని సభలు పెట్టినా, ఎన్ని ప్రకటనలు చేసినా తెగని తగాదా ఈ 712 రూపాయలలో ఉన్నది.

సొంత పొలానికి కౌలు ఎవరికీ చెల్లించరు కదా, అది ఖర్చెట్లా అవుతుందని అధికారులు అడుగుతారు. చేతిలోనుంచి బయటికి పోయినదే ఖర్చన్న పాత అర్థానికి ఆ వాదం సరిపోతుందని ఒప్పుకోవలసిందే. కాని కుటుంబ చాకిరికి కూడా ఎవరూ డబ్బు చెల్లించరు. దానికి వెలకట్టడానికి అభ్యంతరం లేనప్పుడు భూమి దగ్గర ఆగడం నాకు సబబుగా తోచదు. ఏ కర్మాగారం లెక్కల్లోనూ యంత్రం సొంతమైనంత మాత్రాన దాని తరుగుదలను తీసివేయరు.

స్వామినాథన్ 2023 సెప్టెంబరులో కన్నుమూశారు. 2024 ఫిబ్రవరి 9న కేంద్రం ఆయనకు భారతరత్న ప్రకటించింది. నాలుగు రోజులకు, ఆయన సిఫారసు ప్రకారం ధర కావాలంటూ ఢిల్లీకి బయలుదేరిన పంజాబు రైతులను శంభు సరిహద్దు దగ్గర భాష్పవాయువుతో ఆపారు.

ఇక మన డెల్టా జిల్లాల కౌలు రైతు సంగతి. అతడు చెల్లించే కౌలు ఎ2లో చేరుతుంది, నిజమే. అయితే కమిషన్ వేసేది అందరు రైతుల సగటు. సొంత భూమి గలవారితో కలిపి సగటు తీసేసరికి అతని కౌలు పలచబడిపోతుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని ఒప్పుకొని, పంట రాగానే కళ్లంలోనే కొలిచి ఇచ్చే అతనికి ఆ కౌలులో ఒక్క గింజ కూడా తగ్గదు.