మీకు తెలుసా? నవలలోని కథానాయకుడికి సొంత నవలలే వచ్చాయి

అమెరికా రచయిత్రి రెయిన్‌బో రోవెల్ 2013లో వెలువరించిన ‘ఫ్యాన్‌గర్ల్’ నవలలో కథానాయిక కాథ్ వయసు 18 ఏళ్లు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో అప్పుడే చేరింది. సైమన్ స్నో అనే కుర్ర మాంత్రికుడి పుస్తకాలంటే ఆమెకు ప్రాణం. ఆ పాత్రలతోనే సొంతంగా కథలల్లి ఇంటర్నెట్‌లో పెడుతుంది. చదివేవాళ్లు వేలల్లో ఉంటారు. అభిమానులు ఇలా రాసేదే ఫ్యాన్ ఫిక్షన్. అంతమంది పాఠకులున్న పిల్లకు, హాస్టల్లో భోజనశాల ఎక్కడో అడగడానికి మాత్రం బెరుకు! గదిలోనే ప్రోటీన్ బార్లు తిని రోజులు నెట్టుకొస్తుంది.

కాథ్ పేరు వెనకా ఒక తమాషా ఉంది. కవలలు పుడతారని తల్లి అనుకోలేదు. అనుకున్న పేరు కాథరిన్ ఒక్కటే. దాన్నే రెండు ముక్కలు చేసి ఒకరికి కాథర్, ఇంకొకరికి రెన్ అని పెట్టేసింది.

రచనా తరగతిలో కాథ్ తన ఫ్యాన్ ఫిక్షన్‌నే అసైన్‌మెంట్‌గా ఇస్తే, అది గ్రంథచౌర్యమని ప్రొఫెసర్ ఫెయిల్ చేస్తుంది. అరువు పాత్రలతో రాసింది సొంత రచన అవుతుందా? నవలకు ఆయువుపట్టు ఈ ప్రశ్నే.

అప్పట్లో ఏటా నవంబరులో 50,000 పదాలు రాయాలంటూ జరిగిన ‘నానోరైమో’ సవాలులో భాగంగా, 2011లో రోవెల్ ఈ నవల తొలి ప్రతి రాశారు. సైమన్ స్నో పుస్తకాలు, వాటి రచయిత్రి జెమ్మా టి. లెస్లీ కేవలం కల్పన. అయినా సైమన్ రోవెల్‌ను వదల్లేదు. 2015లో అతనే కథానాయకుడిగా ‘క్యారీ ఆన్’ నవల రాశారు. 2019, 2021లలో మరో రెండు వచ్చాయి.