నష్టం కండెన్సర్‌లోనా... బాయిలర్‌లోనా?

పత్తికొండ మార్కెట్లో టమాటా గంప బరువు పొద్దున ఎంతో, మధ్యాహ్నమూ దాదాపు అంతే. ధర మాత్రం చుట్టూ ఎంత సరుకు దిగిందన్న దాన్నిబట్టి మారిపోతుంది. వేడి సంగతీ అంతే. ఎన్ని జౌళ్లున్నాయన్నది ఒక లెక్క. మన పరిసరాల్లో దాన్నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టగలమన్నది ఇంకో లెక్క. ఆ రెండోదే ఎక్సర్జీ. 1956లో జోరాన్ రాంట్ పెట్టిన పేరిది. గేట్ మెకానికల్ సిలబస్‌లో ఇదే ‘అవైలబిలిటీ’.

ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి: థర్మల్ కేంద్రంలో పెద్ద నష్టం ఎక్కడ? చాలామంది ‘కండెన్సర్‌లో’ అనేస్తారు. అది సగం జవాబే.

వైఎస్సార్ కడప జిల్లాలోని 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటి చోట్ల బొగ్గు వేడిలో దాదాపు సగం కండెన్సర్ దగ్గరే బయటికి పోతుంది. అయితే దాని విలువెంత?

సూత్రం తేలికే. ఒకటిలోంచి (పరిసర ఉష్ణోగ్రత ÷ వేడి వచ్చేచోటి ఉష్ణోగ్రత) తీసేయాలి. పరిసరాలు 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్ అనుకుందాం.

• 45 డిగ్రీల (318 కెల్విన్) దగ్గర 100 యూనిట్ల వేడి: పనిగా మార్చగలిగేది 5 లోపే.
• 540 డిగ్రీల (813 కెల్విన్) దగ్గర అదే 100 యూనిట్లు: సుమారు 63.

కండెన్సర్ పారేసేది చాలామటుకు చవక సరుకే! అసలు నష్టం బాయిలర్‌లో. అక్కడ వెయ్యి డిగ్రీలు దాటిన మంటతో 540 డిగ్రీల ఆవిరి చేస్తున్నాం. వేడి చాలావరకు ఆవిరిలోకే చేరినా, పనిచేసే సత్తా మాత్రం భారీగా తగ్గిపోతుంది.

సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ ఇదే లెక్క. సుమారు 300 డిగ్రీల పొగ నుంచి కరెంటు తీస్తారు గానీ, గోరువెచ్చని నీళ్ల జోలికి పోరు.

ఉద్యోగం ఎక్కడంటే...
ఇంధన పొదుపు చట్టం-2001 కింద గుర్తించిన థర్మల్, సిమెంటు తదితర పరిశ్రమల్లో ఎనర్జీ మేనేజర్ ఉండాల్సిందే. ఎనర్జీ మేనేజర్, ఆడిటర్ సర్టిఫికేషన్ పరీక్షను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహిస్తుంది. అర్హత, అనుభవం నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఈ పొరపాటు వద్దు
లెక్కలో సెల్సియస్ వేయకండి, కెల్విన్‌లోకి మార్చాకే భాగించండి. ఇంటర్వ్యూలో మాత్రం ముందు ‘ఏ నష్టం సార్, శక్తిదా, ఎక్సర్జీదా?’ అని అడగండి. సబ్జెక్టు అర్థమైందని అక్కడే తెలిసిపోతుంది.