బొమ్మలు గీసే చేతికి బతుకుతెరువు

కరీంనగర్: ఒకప్పుడు దుకాణాల బోర్డులు, గోడరాతలు పెయింటర్ల చేతిపనే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని చాలావరకు కంప్యూటర్‌కు పోయింది. దానిని నేర్చుకుని డిజైనర్లు కావాలని మన పల్లెల పిల్లలూ ఉత్సాహపడుతున్నారు. అయితే కంప్యూటర్ నేర్చినంత మాత్రాన డిజైనర్ కాలేరు. ముందు చేయి తిరగాలి.

రోజూ ఒక గంట పెన్సిల్‌తో కంటికి కనిపించిన వస్తువును గీయాలి. తెలుగు అక్షరాలు రాయడం సాధన చేయాలి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగిలితే బోర్డు చదవలేం. తెర మీద మెరిసిన రంగు అచ్చులో అలాగే రాదు. నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలతోనే అన్ని రంగులూ తేవాలి.

ఇంటర్ పాసైనవారు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాసి, అప్లయిడ్ ఆర్ట్‌లో నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ. చదవవచ్చు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్‌లో, ఆపై బరోడాలో కళ అభ్యసించారు. ఊరి ఆడవాళ్ల బొట్టు, చీరల రంగులే ఆయన బొమ్మలకు పేరు తెచ్చాయి. ‘దాసి’ చిత్రానికి కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. ఆదిలాబాద్ వైపు పిల్లలకు నిర్మల్ కొయ్యబొమ్మలే మంచి పాఠం.

కొద్ది నెలల్లోనే ఉద్యోగం ఖాయమనే ప్రకటనలు చూసి తల్లిదండ్రులు అప్పు చేయరాదు. ఫీజు కట్టేముందు అక్కడ చదివినవారు చేసిన పనిని చూడాలి. వారిప్పుడు ఎక్కడున్నారో అడగాలి.