అనంతపురం నుంచి సరకు రవాణా: లారీ ఎంపిక, బాడుగ, బాధ్యత

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం జిల్లాలో బోరు నీటితో చీనీ తోటను నిలబెట్టడం ఒక ఎత్తు, కోసిన కాయను చెడకుండా మార్కెట్టుకు చేర్చడం మరో ఎత్తు. వాణిజ్యశాస్త్రంలో రవాణాను స్థల ప్రయోజనం కల్పించే సేవగా చెబుతారు. తోటలో ఉన్న కాయకూ, ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టుకు చేరిన అదే కాయకూ ఉన్న ధర తేడాలో ఈ ప్రయోజనం కనిపిస్తుంది. ఆ తేడాలో బాడుగ ఎంత తినేస్తుందన్నదే రైతుకు అసలు ప్రశ్న.

లారీ నిండా సరకు ఉంటే బండి మొత్తాన్ని మాట్లాడుకుంటారు. దీనిని ఫుల్ లోడు అంటారు. మధ్యలో దించి ఎక్కించే పని ఉండదు కాబట్టి పండ్లకు ఇదే అనువైనది. 2018 జూలైలో కేంద్రం సవరించిన పరిమితుల ప్రకారం మూడు ఇరుసుల లారీ, అంటే పది చక్రాల బండి, మొత్తం బరువు 28.5 టన్నుల వరకు ఉండవచ్చు. ఇందులో బండి బరువు కూడా కలిసి ఉంటుందని గమనించండి. ఈ అంకెను సరకు బరువుగా పొరబడటం కొత్త వ్యాపారులు కూడా చేసే తప్పే.

బాడుగ కిలోమీటర్లను బట్టి మాత్రమే నిర్ణయం కాదు. తిరుగు లోడు దొరికే ఊరికి లారీలు తక్కువకు వస్తాయి. ఖాళీగా తిరిగి రావలసి ఉంటే ఆ ఖర్చునూ బాడుగలో కలుపుతారు. అనంతపురం 44వ జాతీయ రహదారి మీద ఉండటం వల్ల బెంగళూరు నుంచి హైదరాబాదు, నాగపూర్ వైపు పోయే బండ్లు ఇటుగానే వెళ్తాయి. ఇది మేలే. కానీ కోతలు ముమ్మరమైనప్పుడు అందరికీ ఒకేసారి లారీలు కావాలి. కాయ ధర పడిపోయే రోజుల్లోనే బాడుగ పెరగడానికి కారణం ఇదే.

సరకు కొద్దిగా ఉంటే పార్సిల్ సర్వీసు మేలు. రాయదుర్గంలో కుట్టిన జీన్స్ ప్యాంట్ల బేలు ఒకటి రెండింటికి లారీ మొత్తం ఎవరూ మాట్లాడుకోరు. అయితే పార్సిల్ గోదాముల్లో చేతులు మారుతుంది, ఆలస్యమూ నష్టమూ ఇక్కడే ఎక్కువ.

1865 నాటి చట్టం స్థానంలో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 ఇక్కడ ముఖ్యం. ఇది 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. పంపేవారు ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రేటు కట్టకపోతే, సరకు పోయినప్పుడు రవాణాదారు బాధ్యత సాధారణంగా బాడుగకు పది రెట్లకే పరిమితం. రూ. 40,000 విలువైన బేలుకు రూ. 600 బాడుగ కట్టారనుకుందాం. వచ్చేది రూ. 6,000 మాత్రమే! దావాకు ముందు, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కాబట్టి సరకు రసీదు భద్రపరచండి. బ్రోకరు నోటిమాట మీద లోడు ఎత్తించినవారికి చూపడానికి ఆధారమే ఉండదు.

సరకు విలువ రూ. 50,000 దాటితే ఈ-వే బిల్లు కావాలి. పన్ను లేని తాజా పండ్లకు ఈ నియమం వర్తించదు.

లారీకి పోటీగా 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణాదిలో ఇదే మొదటిది. దూర ప్రయాణానికి రైలు చౌక. కానీ ఒక రైతు పది టన్నులతో రైలు నిండదు, పలువురి సరకు ఒకే రోజుకు కూడాలి. పైగా తోట నుంచి స్టేషనుకు, అక్కడి స్టేషను నుంచి మార్కెట్టుకు మళ్లీ బండే కావాలి, రెండుసార్లు హమాలీ కూలి కట్టాలి.