కలమే కాడిగా బతికిన మైసూరు కథకుడు

కథలు రాసేవారికి పనేముంది, నీడపట్టున కూర్చుని ఊహించుకోవడమేగా అనే మాట మన పల్లెల్లో తరచు వినబడుతుంది. 1980లలో దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' వచ్చిన రోజుల్లో, టీవీ ఉన్న ఇంటి వసారాలో చేరి స్వామి అల్లరికి నవ్వుకున్నవారిలో కూడా ఆ స్వామిని సృష్టించిన మనిషికి రోజు ఎలా గడిచేదో తెలిసినవారు తక్కువ. ఆయనే ఆర్.కె. నారాయణ్. నెల జీతం మీద ఆధారపడకుండా, రాతనే నమ్ముకుని 94 ఏళ్లు బతికి 2001లో కన్నుమూశారు.

నారాయణ్ 1906లో మద్రాసులో పుట్టారు. తండ్రి మైసూరులో హైస్కూలు హెడ్మాస్టరు. కుర్రవాడు యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషులో తప్పాడు. తరువాత అదే ఇంగ్లీషులో నవలలు రాసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. 1930లో విజయదశమి నాడు, అమ్మమ్మ చూసిన మంచిరోజున, బెంగుళూరులో ఒక నోటుబుక్కు కొని తొలి నవల మొదలుపెట్టారు. మాల్గుడి అనే లేని ఊరు ఆ రోజే పుట్టింది. పంతులు ఉద్యోగం దొరికినా కొద్ది రోజులకే వదిలేసి ఇంటికి తిరిగి వచ్చారు. ఇక ఉద్యోగం చేయనని, రాసుకునే బతుకుతానని తేల్చి చెప్పారు.

చెప్పడం తేలికే. రాబడి సంగతి చూడండి. తొలి ఏడాది మొత్తం 9 రూపాయల 12 అణాలు. రెండో ఏడు ఒక కథకు 18 రూపాయలు వచ్చాయి, అందులోనూ మనియార్డరు ఖర్చులు పోయాయి. మూడో ఏడు పిల్లల కథకు 30 రూపాయలు. ఆ చెక్కు తెచ్చి తండ్రి చేతిలో పెడితే ఆయన ఎంతో సంతోషించారట. వాన మీద ఆధారపడి మెట్ట సేద్యం చేసే రైతుకు ఇలాంటి లెక్కలు కొత్త కావు. అయితే రైతుకైనా రచయితకైనా పంట చేతికందే దాకా ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. నారాయణ్‌కు పెట్టింది ఉమ్మడి కుటుంబం. ఆయన స్వేచ్ఛలో తల్లిదండ్రుల వాటా, అన్నదమ్ముల వాటా తక్కువేమీ కాదు.

సాయంత్రం 4.20 టపా

1934లో పెళ్లయింది. జాతకాలు కుదరకపోయినా పట్టుబట్టి రాజంను చేసుకున్నారు. సంసారం ఏర్పడ్డాక కథలొక్కటే చాలవు కదా. మద్రాసు నుంచి వెలువడే 'జస్టిస్' పత్రికకు మైసూరు విలేకరిగా కుదిరారు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బు ఇచ్చే పద్ధతి. ఊళ్ల నుంచి పత్రికలకు వార్తలు పంపి, మర్నాడు ఎంత మేర పడిందా అని పేజీ తిరగేసి చూసుకున్నవారికి ఈ కొలతల బాధ చెప్పనక్కరలేదు.

ఉదయం తొమ్మిదికి బయలుదేరేవారు. బజారు, మార్కెట్టు, కోర్టులు, పోలీసు స్టేషను, మునిసిపల్ ఆఫీసు అన్నీ కాలినడకనే. మధ్యాహ్నానికి పది అంగుళాల వార్త పోగవ్వాలి. ఒంటిగంటకు ఇల్లు చేరి, నాలుగు మెతుకులు గతికి టైపు మిషను ముందు కూర్చునేవారు. అంతకు ముందున్న పాత మిషను సిగరెట్లు, మిఠాయిల బాకీ కింద ఇరవై రూపాయలకు దుకాణదారుకు పోయింది. టైపు చేసిన కాగితాలు కవరులో పెట్టి సాయంత్రం 4.20 టపాకు అందించాలి. తమ్ముడు ఇంట్లో ఉంటే ఒక కాలు సైకిలు పెడలు మీద పెట్టి సిద్ధంగా నిలబడేవాడు. అతని కూలి ఒక రాగి నాణెం. అతడే తరువాత కార్టూనిస్టుగా దేశమంతా తెలిసిన ఆర్.కె. లక్ష్మణ్. తమ్ముడు లేని రోజున అన్నగారు చామరాజపురం పోస్టాఫీసుకు పరుగు తీయవలసిందే.

ఆ తిరుగుడు వృథా పోలేదు. బజారులో, కోర్టు మెట్ల మీద తగిలిన రకరకాల మనుషులే మాల్గుడి జనం అయ్యారు. 1952లో వచ్చిన 'ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్' నవలలో మార్గయ్య అని ఒకడున్నాడు. సహకార బ్యాంకు ఎదుట మర్రిచెట్టు కింద చిన్న పెట్టె పెట్టుకుని కూర్చుంటాడు. పల్లెల నుంచి వచ్చిన రైతులకు అప్పు కాగితాలు నింపి, దారి చెప్పి డబ్బు పుచ్చుకుంటాడు. సొసైటీ అప్పు కోసం తిరిగిన వారెవరైనా మార్గయ్యను చూడగానే పోల్చుకుంటారు.

తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ప్రచురణకర్తల చుట్టూ తిరిగి తిరిగి వచ్చింది. విసిగిన నారాయణ్ ఆక్స్‌ఫర్డులో చదువుతున్న మిత్రుడికి, దానికి రాయి కట్టి థేమ్సు నదిలో పారేయమని రాశారు. మిత్రుడు ఆ పని చేయక గ్రాహం గ్రీన్ అనే ఆంగ్ల రచయితకు చూపించాడు. 1935లో లండన్‌లో అచ్చయింది. మెప్పు దక్కింది గానీ పుస్తకాలు అంతగా అమ్ముడుపోలేదు. 1937లో తండ్రి పోయారు. ఇల్లు గడవడానికి మైసూరు ప్రభుత్వం కోరిన యాత్రా గ్రంథం రాసిపెట్టారు. స్వతంత్ర రచయితకు ఇలాంటి కూలి రాతలు తప్పవు, అందులో నామోషీ లేదు. 1939లో భార్య రాజం టైఫాయిడ్‌తో పోయింది. చేతిలో చిన్న కూతురు. చాలాకాలం ఆయన కలం కదలలేదు.

యుద్ధం వచ్చి లండన్ దారి మూసుకుపోయింది. అప్పుడాయన చేసిన పనే అసలు సాహసం. 1941లో 'ఇండియన్ థాట్' పేర సొంత పత్రిక పెట్టారు. మూడు సంచికలతో అది ఆగింది. ఆ పేరును మాత్రం వదలలేదు. అదే పేరుతో ప్రచురణ సంస్థ నడిపి తన పుస్తకాలు తానే అచ్చువేయించుకున్నారు. కథ రాయడంతో సరిపోదు, కాగితం చూసుకోవాలి, ప్రూఫులు దిద్దాలి, అచ్చాఫీసు వాయిదాలు భరించాలి. ప్రెస్సు వాళ్ల తంతు అంతా చూశారు గనుకనే 1949లో ఒక ప్రెస్సు యజమానిని నాయకుణ్ణి చేసి 'మిస్టర్ సంపత్' రాశారు. స్వదేశంలో తన పుస్తకాలు తన చేతి కిందే ఉంచుకోవడం వల్ల పాత పుస్తకం కూడా ఏళ్ల తరబడి ఫలసాయం ఇచ్చింది.

ఎనిమిది కిటికీల గది

యాదవగిరిలో ఇల్లు కట్టుకున్నప్పుడు రాసుకోవడానికి ఎనిమిది కిటికీలతో ప్రత్యేకంగా ఒక గది వేయించుకున్నారు. ఒకవైపు చాముండి కొండ, మరోవైపు గోపురాలు, మేస్తున్న ఆవులు, గొర్రెలు, వాలు మీద పోయే రైళ్లు. ఇంత శోభ ముందుంటే కలం ఎలా సాగుతుంది? చూస్తూ కూర్చోవడమే సరిపోయింది. చివరికి బల్ల పక్కనున్న పెద్ద కిటికీకి బూడిదరంగు తెర కట్టించారు. ఆ తెర వంక చూస్తూ రోజుకు వెయ్యి మాటల చొప్పున రాశారు.

1958లో వచ్చిన 'గైడ్' నవలకు 1960లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1965లో సినిమా అయింది. మాల్గుడి కథను రాజస్థాన్‌కు తరలించినందుకు ఆయనకు మనసు కష్టమైంది.

యాదవగిరి ఇంటిని ఒక దశలో కూల్చివేయబోయారు. 2016 నుంచి అది నారాయణ్ స్మారక మ్యూజియం. మైసూరు ప్యాలెస్, చాముండి కొండ చూడబోయే మన యాత్రికులు ఆ ఇంట్లోనూ అడుగుపెట్టి రావచ్చును.