మోకాలికి బలం.. అడుగుకు నిలకడ
వృద్ధులకు మేలు చేసే చైనా తాయ్‌చీ.. మందులకు మాత్రం ప్రత్యామ్నాయం కాదు

అమలాపురం: వర్షాకాలంలో కోనసీమ నేల కాలు నిలవనీయదు. పాకుడు పట్టిన రేవు మెట్లపైనా, తడిసిన పొలం గట్లపైనా, కొబ్బరి తోటల్లో బోదెలు దాటేటప్పుడూ యువకులే తడబడుతుంటారు. అరవై దాటిన వారు జారిపడి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచానికే పరిమితం కావాల్సి రావచ్చు. ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసిన మహిళలకు, కొబ్బరి దింపు, ఒలుపు పనులు చేసిన కార్మికులకు మోకాళ్ల నొప్పులు తోడైతే ఈ ముప్పు మరింత అధికం. ఇటువంటి వారికి అక్కరకు వచ్చే, ఖర్చు లేని సాధనం చైనీయుల సంప్రదాయ వ్యాయామం తాయ్‌చీ.

యుద్ధవిద్య నుంచి వ్యాయామంగా..
చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశీకుల గ్రామంలో 17వ శతాబ్దంలో ఇది యుద్ధవిద్యగా రూపుదిద్దుకుంది. సామాన్యులు సులువుగా నేర్చుకునేందుకు 1956లో అక్కడి ప్రభుత్వం 24 భంగిమల పద్ధతిని రూపొందించింది. 2020లో యునెస్కో దీనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. శ్వాసతో మేళవించిన చిగాంగ్ దీనికి సోదర విద్య. అందులో బదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికల వరుస ప్రసిద్ధం.

ఎలా మేలు చేస్తుంది?
శరీరంలో ‘చీ’ అనే శక్తి ప్రవహిస్తుందని, ఈ కదలికలు దానిని సక్రమం చేస్తాయని చైనీయుల విశ్వాసం. మన ప్రాణశక్తి భావనకు ఇది దగ్గర. ఆ శక్తిని కొలిచి చూపలేకపోయినా, వ్యాయామ ఫలితాన్ని మాత్రం వైద్యులు కొలిచారు. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువును ఒక కాలి నుంచి మరో కాలికి నెమ్మదిగా మార్చడం వల్ల తొడ కండరాలు బలపడతాయి. అడుగు ఎక్కడ పడుతోందో గమనించే అలవాటు పెరుగుతుంది.

అమెరికాలో మోకీలు అరుగుదల ఉన్న 204 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. 12 వారాల తాయ్‌చీ సాధన, ఫిజియోథెరపీతో సమానంగా నొప్పిని తగ్గించింది. పార్కిన్సన్ వ్యాధి ఉన్న 195 మందిపై జరిగిన మరో పరిశీలనలో తాయ్‌చీ చేసినవారికి నిలకడ మెరుగుపడినట్లు 2012లో వెల్లడైంది.

సూదివైద్యం దారి వేరు
చైనా వైద్యం అనగానే చాలామందికి ఆక్యుపంక్చర్ గుర్తుకొస్తుంది. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో కలిసి చైనా వెళ్లిన వైద్య బృంద సభ్యుడు డాక్టర్ బి.కె.బసు, తర్వాతి కాలంలో ఈ విద్యను నేర్చి కలకత్తాకు తెచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2019లో దీనిని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. అయితే ఇది ఇంట్లో ప్రయత్నించేది కాదు. చికిత్స చేసేవారి అర్హతను విచారించాలి. ఒకసారి వాడి పారవేసే సూదులనే వాడుతున్నారో లేదో చూసుకోవాలి. రక్తం పలుచబడేందుకు మందులు వాడేవారు ఆ విషయం ముందే చెప్పాలి.

ఇంటి అరుగుపైనే ఆరంభం
పొడిగా ఉన్న గచ్చుపై, గోడకు లేదా బరువైన కుర్చీకి చేరువలో నిలబడాలి. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లను కొద్దిగా సడలించాలి. శ్వాస సహజంగా తీసుకుంటూ బరువును ఎడమ కాలిపైకి మెల్లగా మార్చి, కుడి మడమను కొద్దిగా పైకెత్తి దించాలి. తరువాత రెండో వైపు అలాగే చేయాలి. తొలిరోజుల్లో పది నిమిషాలు చాలు. లోతుగా వంగవలసిన అవసరం లేదు. మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు పోకుండా చూసుకోవాలి. నొప్పి గానీ, తలతిరుగుడు గానీ అనిపిస్తే వెంటనే ఆపాలి.

ఇన్సులిన్ తీసుకునే మధుమేహులు ఖాళీ కడుపుతో చేయరాదు. పాదాల్లో స్పర్శ తగ్గినవారి పక్కన ఇంట్లోవారు ఒకరు నిలబడటం మంచిది. గుండె జబ్బు ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

మాత్రలు మానితే ముప్పే
సాధన మొదలుపెట్టిన కొద్ది రోజులకే హుషారు కనిపించి, బీపీ, షుగర్ మాత్రలు మానేస్తే పక్షవాతం వంటి ప్రమాదం కొనితెచ్చుకున్నట్లే. వ్యాయామంతో రక్తపోటు తగ్గితే మందు మోతాదు మార్చవలసింది వైద్యుడే. మోకాలు వాచి ఎర్రబడినా, జారిపడ్డ తర్వాత కాలు మోపలేకపోయినా వ్యాయామం కోసం చూడక తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. మందు తన పని తాను చేస్తుంది.. అడుగు తడబడకుండా చూసే పని సాధనది. రెండూ కలిసి నడిస్తేనే వృద్ధాప్యంలో ఒకరిపై ఆధారపడకుండా రేవు వరకైనా వెళ్లిరాగలరు.