ధర పెరిగింది, లోపల పస తగ్గింది.. లగ్జరీ కార్లకు ఏమైంది?

కనిగిరిలో బెంజ్ షోరూమ్ లేదు, బీఎండబ్ల్యూ షోరూమ్ కూడా లేదు. కొత్త బండి కావాలంటే విజయవాడో, హైదరాబాదో, చెన్నైయో వెళ్లాల్సిందే. అయినా మన రోడ్ల మీద ఈ కార్లు వింతేమీ కాదు. చీమకుర్తి గ్రానైట్, ఒంగోలు పొగాకు, గుంటూరు మిర్చి.. ఈ వ్యాపారాల్లో నాలుగు డబ్బులు చూసినవాళ్లు కొంటున్నారు. గల్ఫ్‌లో పదిహేనేళ్లు కష్టపడి వచ్చినవాళ్లలో కొందరికి సెకండ్ హ్యాండ్‌దైనా సరే, ఒక్కసారి ఆ నక్షత్రం గుర్తు బండి ఇంటి ముందు నిలపాలని ఆశ. పిల్లల షాదీ నాటికి కొనాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి.

అలాంటివాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ ధర పెరుగుతోంది, స్క్రీన్ పెద్దదవుతోంది. కానీ లోపల కూర్చుని తలుపు మీద చెయ్యి వేస్తే, ఏసీ గాలి వచ్చే చోట వేలితో కదిపి చూస్తే, "పాత మోడలే నయం కదా" అనే మాట వినిపిస్తోంది. ఈ మాట కొన్నవాళ్లదే కాదు, కార్లను పరీక్షించి రాసేవాళ్లలో చాలామందిదీ ఇదే.

ఫిర్యాదు ఏమిటి?

బీఎండబ్ల్యూ ఎక్స్3 సంగతే చూద్దాం. 2018లో మన దేశంలోకి వచ్చిన మోడల్ దాదాపు 50 లక్షల దగ్గర మొదలైంది. 2025 జనవరిలో వచ్చిన కొత్త మోడల్ 75 లక్షల పైన మొదలైంది. రెండూ షోరూమ్ ధరలే. రూపాయి విలువ పడిపోవడం, ఖర్చులు పెరగడం అందులో కొంత భాగం, నిజమే. కానీ పాత మోడల్‌లో మెత్తగా, నిండుగా ఉన్న తలుపు లోపలి భాగాల్లో కొత్తదాంట్లో గట్టి ప్లాస్టిక్ ఎక్కువైందని సమీక్షకులు రాశారు. డ్యాష్‌బోర్డ్ మీద కొంతమేర బట్ట లాంటి అల్లిక వచ్చింది. కొందరికి అది కొత్తగా బాగుంది, కొందరికి చవకగా కనిపించింది.

బెంజ్ సీ క్లాస్‌దీ ఇలాంటి కథే. 2022లో కొత్త తరం బండి మన దగ్గర 55 లక్షల నుంచి వచ్చింది. చూడ్డానికి పెద్ద బెంజ్ ఎస్ క్లాస్ తమ్ముడిలా ఉంటుంది. నిలువుగా పెద్ద స్క్రీన్, రాత్రయితే రంగురంగుల లైట్లు. కానీ మధ్యలో ఉన్న కన్సోల్‌ను మోకాలితో నొక్కితే కిర్రుమంటోందని, నల్లటి మెరుపు ప్లాస్టిక్ వేలిముద్రలతో నిండిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఒకప్పుడు లోపలి పనితనానికి పేరుపడిన ఆడి మీద కూడా ఈ మధ్య ఇదే విమర్శ.

ఇది మొదటిసారి కాదు

పాతకాలం మెకానిక్‌లను అడిగితే వాళ్లు 1984లో వచ్చిన బెంజ్ డబ్ల్యూ124 పేరు చెబుతారు. మెర్సిడెస్ కంపెనీ 1994లో ఇండియాలో అడుగుపెట్టి, 1995లో పుణేలో మొదట తయారు చేసింది ఆ ఈ క్లాస్ బండినే. తలుపు వేస్తే బ్యాంకు లాకర్ మూసినట్టు చప్పుడు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా లోపలి స్విచ్‌లు గట్టిగానే ఉన్న బండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

అప్పట్లో జర్మన్ కంపెనీల పద్ధతి వేరు. ముందు ఇంజనీర్లు బండిని తమకు నచ్చినట్టు తయారు చేసేవారు, ఆ తర్వాత ఖర్చు లెక్కేసి ధర పెట్టేవారు. 1989లో జపాన్ నుంచి టయోటా వాళ్ల లెక్సస్ ఎల్ఎస్400 వచ్చింది. అమెరికాలో దాని ధర 35,000 డాలర్లు. జర్మన్ బండ్ల కంటే చాలా తక్కువ. నాణ్యతలో మాత్రం వాటికి తీసిపోలేదు. దాంతో జర్మన్లు లెక్క తిరగేశారు. ముందు ధర నిర్ణయించి, దానికి తగ్గట్టు బండి తయారు చేయడం మొదలుపెట్టారు. 1995లో డబ్ల్యూ124 స్థానంలో వచ్చిన డబ్ల్యూ210 తుప్పు పట్టే బండిగా పేరు చెడగొట్టుకుంది. 2005లో మెర్సిడెస్ బ్రేకులు, ఎలక్ట్రికల్ సమస్యలతో దాదాపు 13 లక్షల కార్లను వెనక్కి పిలిపించి సరిచేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కంపెనీ మళ్లీ నాణ్యత మీద దృష్టి పెట్టింది. అంటే ఈ రంగంలో నాణ్యత ఒకసారి దిగుతుంది, కొనేవాళ్లు గట్టిగా అడిగితే మళ్లీ ఎక్కుతుంది.

మరి మన డబ్బు ఎటు పోతోంది?

మొదటి భాగం పన్నుకి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద పెట్రోల్, డీజిల్ కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్‌తో కలిపి పెద్ద ఎస్‌యూవీల మీద 50 శాతం దాకా ఉండేది. 70 లక్షల షోరూమ్ ధర ఉన్న బండి తీసుకుంటే, అందులో 20 లక్షలు జీఎస్టీయే. బండి విలువ 50 లక్షలు. ఆపైన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరు. కాబట్టి "70 లక్షల బండి" అని మనం అనుకునేది నిజానికి 70 లక్షల పనితనం ఉన్న బండి కాదు.

రెండో భాగం ఎలక్ట్రానిక్స్‌కి. కెమెరాలు, రాడార్లు, వాటంతట అవే బ్రేక్ వేసే వ్యవస్థ, పొగ నిబంధనల కోసం హైబ్రిడ్ బ్యాటరీ.. ఇవన్నీ పాత బండ్లలో లేవు. వీటిలో చాలావరకు ప్రాణం కాపాడేవే. దీనికి పెట్టిన ఖర్చు ఇంకెక్కడో తగ్గించాలి. కొనేవాడి కంటికి వెంటనే కనపడని చోట తగ్గిస్తారు. తలుపు కింది భాగం, సీటు వెనక అట్ట, గ్లోవ్ బాక్స్ లోపలి వైపు.

మూడోది స్క్రీన్ లెక్క. స్క్రీన్ పెట్టడం ఖరీదైన పని అనుకుంటాం. కానీ ఒక్కో బటన్‌కీ ఒక అచ్చు, ఒక వైరు, ఒక బల్బు, వేలసార్లు నొక్కి చూసే పరీక్ష కావాలి. ముప్పై బటన్లు తీసేసి ఒక స్క్రీన్ పెడితే అదే స్క్రీన్‌ను పది మోడళ్లలో వాడుకోవచ్చు, మార్పులు సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. కంపెనీకి ఆదా, షోరూమ్‌లో ఆకర్షణ. పైగా ఈ కంపెనీలకు పెద్ద మార్కెట్ చైనా. అక్కడి కొనుగోలుదారులకు పెద్ద స్క్రీన్లంటే ఇష్టం. 2021లో బెంజ్ ఈక్యూఎస్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు 141 సెంటీమీటర్ల వెడల్పున అద్దం పరిచారు.

బటన్ పోతే పోయేది అందం ఒక్కటే కాదు

ఇక్కడే అసలు నష్టం. బటన్ అంటే వేలికి తెలిసిపోతుంది, రోడ్డు మీంచి కన్ను తియ్యక్కర్లేదు. స్క్రీన్‌కి ఆ వీలు లేదు.

2022లో స్వీడన్‌కు చెందిన వీ బీలాగారే అనే కార్ల పత్రిక ఒక పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఏసీ, రేడియో లాంటి నాలుగు మామూలు పనులు చేయమన్నారు. బటన్లతో ఉన్న 2005 నాటి పాత వోల్వో వీ70లో 10 సెకన్లు పట్టింది. అంటే సుమారు 300 మీటర్లు. కొత్త బీఎండబ్ల్యూ ఐఎక్స్‌లో 30 సెకన్లు. అంటే 900 మీటర్ల పైమాటే. మన రోడ్ల మీద ఆ దూరంలో ఎన్ని గేదెలు, ఎన్ని బైకులు, ఎన్ని వడ్ల ట్రాక్టర్లు అడ్డం వస్తాయో వేరే చెప్పాలా?

యూరప్‌లో భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి పద్ధతి మార్చింది. ఇండికేటర్, హార్న్, వైపర్, హజార్డ్ లైట్, అత్యవసర కాల్.. వీటికి విడిగా మీటలు లేకపోతే పూర్తి మార్కులు రావు. ఫోక్స్‌వ్యాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ కూడా ముఖ్యమైన పనులకు బటన్లు తిరిగి తెస్తామని 2025లో చెప్పారు. కంపెనీలు దిగివస్తున్నాయంటే ఫిర్యాదుల్లో నిజం ఉన్నట్టే.

లెదర్ అన్నది లెదరేనా?

బ్రోచర్‌లో ఆర్టికో, సెన్సాటెక్, వెగాంజా, నూలక్స్ అని పేర్లుంటాయి. బెంజ్‌ది ఆర్టికో, బీఎండబ్ల్యూవి సెన్సాటెక్, వెగాంజా, లెక్సస్‌ది నూలక్స్. ఇవన్నీ కృత్రిమ తోళ్లే, జంతు చర్మం కాదు. కొన్ని బండ్లలో కూర్చునే చోట మాత్రమే అసలు తోలు, పక్కలకు, వెనక్కి కృత్రిమం. రెండూ కలిపి "లెదర్ సీట్లు" అని అమ్మేస్తారు.

మన ఇళ్లలో ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, ఆ తోలు ఏ జంతువుది అని. కారు సీట్లకు వాడేది సాధారణంగా పశువుల తోలే. అయినా మనసులో సందేహం ఉంటే డీలర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవడంలో తప్పు లేదు. కృత్రిమమైతే ఆ సందేహమే ఉండదు. అది నాసిరకం అని కొట్టిపారేయనక్కర్లేదు కూడా. బెంజ్ కృత్రిమ తోలు ఏళ్ల తరబడి చిరగకుండా నిలిచిందన్న పేరుంది. తోలు ధర తీసుకుని కృత్రిమం ఇస్తే మాత్రం అడగాల్సిందే.

మన ఎండ, మన దుమ్ము

ఈ బండ్ల డిజైన్ జరిగేది చల్లటి దేశాల్లో. మే నెలలో కనిగిరి బస్టాండ్ దగ్గర మధ్యాహ్నం నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ వేడి 70 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి కొన్ని బండ్లలో పైకప్పు బట్టకు వేసిన జిగురు వదిలి, బట్ట కిందికి వేలాడుతుంది. మెత్తగా ఉండాలని బటన్ల మీద వేసే రబ్బరు పూత కొన్ని బండ్లలో బంకలా మారి వేలికి అంటుకుంటుంది. అంటే మెత్తగా ఉన్నదంతా మంచిది కాదు, గట్టి ప్లాస్టిక్ అంతా చెడ్డదీ కాదు. నల్లటి మెరుపు ప్లాస్టిక్‌ను మామూలు గుడ్డతో తుడిస్తే దుమ్ములోని సన్న ఇసుక గీతలు పెడుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి, ముందు దుమ్ము దులపాలి, ఆ తర్వాతే తుడవాలి.

కొనే ముందు ఇలా చూడండి

బండిని పట్టపగలు, ఎండలో, లోపలి లైట్లు ఆర్పి చూడండి. రంగు లైట్ల కింద ఏ ప్లాస్టిక్ అయినా మెరుస్తుంది.

చేత్తో నొక్కండి. కన్సోల్ పక్కలు, ఏసీ వెంట్లు, తలుపు మీద చెయ్యి ఆనించే చోటు. వెనక తలుపులు మర్చిపోవద్దు. ముందు మెత్తటి సరుకు పెట్టి, వెనక గట్టి ప్లాస్టిక్‌తో సరిపెట్టే బండ్లు ఉన్నాయి.

టెస్ట్ డ్రైవ్‌లో పాటలు, ఏసీ ఆపి, గతుకుల రోడ్డు మీద నడపండి. చప్పుళ్లు అప్పుడే వినపడతాయి. బండి నిలిపి ఉన్నప్పుడు ఏసీ తగ్గించడం, అద్దం మీద ఆవిరి తీయడం ఎన్ని నొక్కులకు అవుతుందో లెక్కపెట్టండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా జాగ్రత్త. మీటర్ 30,000 కిలోమీటర్లు చూపిస్తూ, స్టీరింగ్ తోలు అరిగి నున్నగా మెరుస్తుంటే అనుమానించండి. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి మట్టి మరక ఉందేమో చూడండి. సీట్ల కింద పట్టాలు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద ముక్క వాసన వస్తోందా చూడండి. 2023 డిసెంబర్‌లో చెన్నైలో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో వరదలకు ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన బండికి పైపై మెరుగులు దిద్ది అమ్మితే, ఎలక్ట్రానిక్స్ ఒక్కొక్కటిగా పోతాయి.

స్క్రీన్ పోతే మార్చడానికి ఎంతవుతుందో కొనక ముందే సర్వీస్ సెంటర్‌లో అడగండి. మనకు ఆ సెంటర్ 200 కిలోమీటర్ల పైన ఉంది. బటన్ పోతే ఒక్క పని ఆగుతుంది. స్క్రీన్ పోతే ఏసీతో సహా చాలా పనులు ఆగిపోవచ్చు. వారంటీలో ఎలక్ట్రానిక్స్ ఉన్నాయో లేదో చదువుకోండి.

పాత మోడల్ అన్నిటికీ మంచిదని కూడా అనుకోవద్దు. కొత్తవాటిలో ప్రమాదం నుంచి కాపాడే ఏర్పాట్లు ఎక్కువ. ముందు తరం బండిని, కొత్త బండిని ఒకే రోజు పక్కపక్కనే చూసి, ఏది దేనికి డబ్బు తీసుకుంటోందో తేల్చుకోండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మీ అబ్బాలను వెంట తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. స్క్రీన్ ఎన్ని అంగుళాలో వాళ్లకు అక్కర్లేదు. ఎక్కడం దిగడం సుఖంగా ఉందా, ఏసీ గాలి వెనక్కి వస్తోందా అన్నది వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.